బిడ్డ మూలుగు నేర్పిన వైద్యము



స్మారకోపన్యాసములు సాధారణముగా ఒక మహనీయుని పేర జరుగుచుండును. వక్త మొదట ఆ మహనీయుని గుణగణములను కొంతసేపు కీర్తించి, పిమ్మట తన విషయమునకు వచ్చుట ఆచారము. నాకు ఆ సౌకర్యము లేదు. ఏ శిశువు జ్ఞాపకార్థము తలిదండ్రులు ఈ ధర్మనిధిని నెలకొల్పిరో ఆ శిశువునకు పేరు లేదు. ఎనిమిదవ నెల నడచుచుండగా పుట్టి, రెండు రాత్రులు ఊపిరికై పెనుగులాడి, బారసాల దినము రాకమునుపే ఆ బిడ్డ వెడలిపోయెను. తలిదండ్రులు తలచుకొన్నచో ఏదో యొక పేరు పెట్టి ఆహ్వానపత్రికపై అచ్చు వేయించి యుండవచ్చును. పిలువని పేరును ఇపుడు కల్పించుట తగదని వారు తలచిరి. కీర్తింపదగిన చరిత్ర ఏదియు లేదు కావున, ఆ బిడ్డ సాధింపలేకపోయిన ఒకే యొక పనిని గూర్చి, అనగా ఊపిరి తీయుటను గూర్చియు, ఆ పనిలో బిడ్డకు తోడుపడుటకు వైద్యలోకము నేర్చుకొన్న ఒక సులభోపాయమును గూర్చియు చెప్పదలచితిని.

నెల తక్కువ బిడ్డలను గూర్చి మన పల్లెలలో ఒక మాట తరతరములుగా చెల్లుచున్నది: ఏడవ నెల బిడ్డ బ్రతుకును గాని ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదట. దీనిని నిరక్షరాస్యుల మూఢోక్తి యని త్రోసివేయుటకు వీలులేదు. ఎనిమిదవ నెలలో ఓజస్సు తల్లినుండి బిడ్డకును, బిడ్డనుండి తల్లికిని సంచరించుచు నిలుకడ లేక యుండును గనుక ఆ మాసమున పుట్టిన శిశువు నిలువదని మన ఆయుర్వేద సంహితలును చెప్పినవి. ప్రాచీన యవన వైద్యులును ఇట్టి నమ్మకమునే గ్రంథస్థము చేసిరి. పొరపాటు సైతము ఇంత సార్వజనీనము కాగలదనుట వింతయే! వాస్తవ మేమనగా, గర్భములో గడచిన ప్రతి వారమును శిశువు ఊపిరికి లాభమే. ఏడవ నెలలో పుట్టిన బిడ్డకంటె ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ గట్టిది. అయితే ఈ నమ్మకము చేసిన కీడు మాత్రము చిన్నది కాదు. బ్రతుకదని ముందే నిశ్చయించుకొన్న బిడ్డను పెద్దాసుపత్రికి మోసికొనిపోవు ఓపిక ఎవరికుండును?

పుట్టినపుడు 2,500 గ్రాములకు లోపు తూగిన బిడ్డను తక్కువ బరువు శిశువందురు. 1,500కు లోపైనచో మిక్కిలి తక్కువ, 1,000కి లోపైనచో అత్యంత తక్కువ. ఇందులో రెండు జాతులు కలవు. నెలలు నిండినను తల్లి పోషణలోపముచేతనో, రక్తపోటుచేతనో, మాయ చాలినంత రక్తము నందింపమిచేతనో సన్నగిల్లి పుట్టినవారొక జాతి. నెలలు నిండకయే పుట్టినవారు రెండవ జాతి. మన దేశమున మొదటి జాతివారు విశేషముగా నున్నారు. వారికి ముఖ్యముగా కావలసినవి వెచ్చదనము, తల్లిపాలు, అంటువ్యాధులనుండి రక్షణ. ఊపిరి విషయమున అసలు చిక్కు రెండవ జాతివారిది.

ఆ చిక్కు ఇట్టిది. ఊపిరితిత్తుల లోపల గాలి ప్రవేశించు సూక్ష్మమైన గూళ్లు కోట్లకొలది కలవు. ఒక్కొక్క గూటి లోగోడకును పలుచని తడిపొర యుండును. తడి యెక్కడ గాలిని తాకునో అక్కడ తలతన్యత యను శక్తి పుట్టి ఆ తలమును కుదించుటకే చూచుచుండును. గూడు చిన్నదైనకొలది దానిని మూసివేయు ఒత్తిడి పెద్దదగుననుట భౌతికశాస్త్రములో బాలపాఠము. ఈ మూసివేతను అడ్డుటకు ప్రకృతి యొక ఉపాయము చేసినది. గూటి గోడలోని కొన్ని కణములు కొవ్వును మాంసకృత్తును కలిపి ఒక జిడ్డు పదార్థమును స్రవింపజేయును. దానికి సర్ఫాక్టెంటని పేరు. అది తడిపొరపై పరచుకొని తలతన్యతను తగ్గించును గనుక, ఊపిరి విడిచిన తరువాత కూడ గూటిలో కొంత గాలి మిగిలియుండి, మరుసటి ఊపిరి తేలికగును. గర్భస్థ శిశువులో ఈ పదార్థము సుమారు 24వ వారమున పుట్టనారంభించి, 35వ వారము నాటికి గాని చాలినంత కాదు. అంతకు ముందే లోకములో పడిన బిడ్డకు ఊపిరి విడిచినప్పుడెల్ల గూళ్లు తడిసిన పట్టుగుడ్డ మడతలవలె ఒకదాని కొకటి అంటుకొనిపోవును. వానిని విడదీయుటకు ప్రతి ఊపిరికిని మొదటి ఊపిరికి పడినంత కష్టమును పడవలెను. నిమిషమునకు అరువది డెబ్బది మారులు అట్లు పడవలెను. కిలోగ్రాము బరువు బిడ్డకు ఆ శక్తి ఎంతసేపుండును?

ఈ సంగతి ఒక్కనాట బయటపడినది కాదు. 1929లోనే స్విట్జర్లాండులో పనిచేయుచుండిన కుర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ పంది ఊపిరితిత్తులను ఒకమారు గాలితోను, ఒకమారు ద్రవముతోను నింపి చూచి, గాలితో నింపుటకే అధికమైన ఒత్తిడి కావలసివచ్చుట గమనించి, దీనికి తలతన్యతయే కారణమనియు, నవజాత శిశువు తొలి ఊపిరికి ఇదియే అడ్డు కావచ్చుననియు వ్రాసెను. ఆ వ్రాతపై పాతికేండ్లు దుమ్ము పడినది. 1955లో ఇంగ్లండున ప్యాటిల్, 1957లో అమెరికాలో క్లెమెంట్స్, ఊపిరితిత్తులలో తలతన్యతను తగ్గించు పదార్థమొకటి యున్నదని వేర్వేరుగా చూపిరి. పిమ్మట 1959లో బోస్టను నగరమున మేరీ ఎలెన్ ఏవరీ యను యువవైద్యురాలు, జెరె మీడ్ అను శరీరశాస్త్రజ్ఞునితో కలిసి, శ్వాసకష్టముతో మరణించిన శిశువుల ఊపిరితిత్తులనుండి తీసిన రసమును పరీక్షించి, వారికి కొరతపడినది ఈ పదార్థమే యని తేల్చెను. అంతకుముందు శవపరీక్షలో గూళ్లలో కనబడు గాజువంటి పొరయే రోగమని వైద్యులనుకొనుచుండిరి. కనబడినది కారణము కాదనియు, కనబడనిదే కారణమనియు ఆమె నిరూపించెను.

తెలియుట వేరు, చేయగలుగుట వేరు. 1963 ఆగస్టు 7న అమెరికా దేశాధ్యక్షుడు జాన్ కెన్నెడీకి పాట్రిక్ అను కుమారుడు అయిదున్నర వారముల ముందుగా జన్మించెను. బరువు సుమారు రెండు కిలోగ్రాములు; నేటి లెక్కలో అది భయపడదగిన బరువే కాదు. పుట్టిన కొలది సేపటికే డొక్కలెగురవేయ నారంభించిన ఆ శిశువును బోస్టనుకు తరలించి, అధిక పీడనముతో ప్రాణవాయువు నింపిన పెద్ద ఉక్కు గదిలో నుంచిరి. 39 గంటలకు ఆ బిడ్డ మరణించెను. లోకములోని సంపద యంతయు, అధికార మంతయు, శాస్త్రమంతయు చేతిలోనున్న తండ్రి ఆ గది వెలుపల నిలువబడియుండెను. ఏ జిల్లా ఆసుపత్రిలోనైనను ఈనాడు లభింపదగిన వస్తుసంచయము ఆనాడాతనికి లభింపలేదు. అది ఇంకను శిశుచికిత్సలో వాడుకకు రాలేదు గనుక.

అటుపిమ్మట వైద్యులు వెంటిలేటరు వైపు మొగ్గిరి. బిడ్డ తనంతట ఊపిరి తీయలేదు గనుక యంత్రమే ఊపిరి తీయవలెననుట సహజమైన తర్కమే. గొంతులోనుండి శ్వాసనాళములోనికి గొట్టము దించి, పెద్దలకై చేసిన యంత్రములను పిల్లలకు తగునట్లు సవరించి, గాలిని బలవంతముగా లోనికి త్రోసిరి. కొందరు బ్రతికిరి. బ్రతికినవారిలో పలువురి ఊపిరితిత్తులు మచ్చలు కట్టి, వారములు నెలలు గడచినను ప్రాణవాయువు లేక నిలువలేని స్థితికి వచ్చినవి. 1967లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌లో నార్త్‌వేయును ఆయన సహచరులును దీనిని వర్ణించి, ఇది మొదటి రోగపు శేషము కాదు, చికిత్సవలన పుట్టిన కొత్త రోగమని గుర్తించిరి. ఇట్లు గుర్తించి, దాచక ప్రకటించుటకు ధైర్యము కావలెను. వెంటిలేటరును నిందించుట నా యుద్దేశము కాదు. అది లేక నిలువని బిడ్డలు నేటికిని కలరు. కాని యంత్రమును తెచ్చినవారు ఒక్క నిమిషమైనను బిడ్డ తానేమి చేయుచున్నదో గమనింపలేదని మాత్రము చెప్పక తప్పదు.

బిడ్డ మూలుగుచుండెను. శ్వాసకష్టము కల నవజాత శిశువు ఊపిరి విడుచునపుడెల్ల సన్నగా, ఎడతెగక మూలుగును. రాత్రివేళ ప్రసూతి వార్డులో పనిచేసిన నర్సులందరికిని ఆ చప్పుడు తెలియును. న్యూయార్కు వైద్యులు సిల్వర్‌మన్, ఆండర్సన్ 1956లో కూర్చిన శ్వాసకష్టపు కొలబద్దలో డొక్కలెగురుట, రొమ్ముటెముక లోనికి గుంజుకొనుట, ముక్కుపుటము లదరుట మొదలగువానితో పాటు ఈ మూలుగును ఒక గుర్తే. గుర్తుగా లెక్కించిరి గాని అది ఎందులకని అడిగినవారు తక్కువ. 1968లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనున హారిసన్, హీస్, క్లైన్ అను మువ్వురు వైద్యులు ఆ ప్రశ్న అడిగిరి. మూలుగు పుట్టవలెనన్నచో స్వరతంత్రులు కొంత మూసికొని, విడిచెడి గాలికి అడ్డు పడవలెను. శ్వాసనాళములో గొట్టము దించినచో అవి మూసికొనలేవు, మూలుగు ఆగిపోవును. అట్లు ఆగినపుడు బిడ్డ రక్తములోని ప్రాణవాయువు పడిపోవుటయు, గొట్టము తీసి మరల మూలుగనిచ్చినపుడు అది తిరిగి పెరుగుటయు వారు కొలిచి చూచిరి. మూలుగు బాధకు చిహ్నమే కాని, బాధకు చిహ్నము మాత్రమే కాదు. అది వైద్యము. ఊపిరి పూర్తిగా వెడలిపోకుండ గొంతును బిగబట్టి, లోపల కొంత ఒత్తిడి నిలిపి, గూళ్లు మూతపడకుండ చూచుకొను చికిత్స. దానిని ఏ గురువును చెప్పకయే కిలోగ్రాము బరువు రోగి తనకు తాను చేసికొనుచుండెను. మనము గొట్టము దించి దానిని మాన్పించుచుంటిమి.

ఈ యొక్క సంగతి గ్రహించిన పిమ్మట మార్గము స్పష్టమే. బిడ్డ అలసి మూలుగు మానివేయకముందే, ఆ ఒత్తిడిని బయటినుండి మనము అందింపవలెను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మత్తువైద్య నిపుణుడైన జార్జి గ్రెగరీ తన సహచరులతో కలిసి ఆ పని చేసి, 1971లో ఫలితములను ప్రకటించెను. బిడ్డ తన ఊపిరి తానే తీయును, యంత్రము ఊదదు, కాని శ్వాసమార్గములో గాలి ఒత్తిడి ఎన్నడును సున్నకు దిగదు. దీనికి ఆంగ్లములోని నాలుగు పదముల తొలి అక్షరములను కూర్చి సీప్యాప్ అని పేరు పెట్టిరి. మిక్కిలి ప్రమాదస్థితిలో నున్న 20 మంది శిశువులకు ఇది చేయగా 16 మంది బ్రతికిరి. వారిలో 1,500 గ్రాములకు లోపువారు పదిమంది యుండగా ఏడుగురు బ్రతికిరి. పాట్రిక్ మరణించి ఎనిమిదేండ్లు కూడ కాలేదు.

ఐతే ఈ భావన గ్రెగరీతోనే పుట్టినదనుట న్యాయము కాదు. 1914లోనే వియన్నా వైద్యుడు ఫాన్ రాయిస్ నవజాత శిశువులకై ఒక సాధనమును వర్ణించియుండెను. అందులో ముఖమునకు తొడుగు, దానికి గొట్టము, ఆ గొట్టపు కొనను నీటిలో ముంచు ఏర్పాటు ఉండెను. 1936లో లండనున పౌల్టన్ అను వైద్యుడు ఇంట దుమ్ము పీల్చు యంత్రపు మోటారుతో పెద్దల గుండెజబ్బులో ఊపిరితిత్తులలో చేరు నీటికి ఇట్టి చికిత్సనే చేసెను. ఆ పుటలు గ్రంథాలయములలో ఉండినవి. చదివి పనికి పెట్టినవారు లేకపోయిరి. వైద్యచరిత్రలో మరపు అనునది నూతనకల్పనకంటె ఎక్కువ పనిచేయుచుండునేమోయని నాకు తరచుగా తోచుచుండును.

గ్రెగరీ చికిత్స పొందిన శిశువులలో పెక్కుమందికి ఆ ఒత్తిడి శ్వాసనాళములోని గొట్టము ద్వారానే అందినది. నవజాత శిశువు ప్రధానముగా ముక్కుతోనే ఊపిరి తీయును గనుక ముక్కుద్వారానే ఒత్తిడి అందింపవచ్చునని 1973లో క్లీవ్‌లాండున కాట్‌విన్‌కెల్ మొదలగువారు చూపిరి. దానితో గొట్టము గొంతు దిగవలసిన అవసరము తప్పినది. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయపు శిశువైద్యాలయములో జెన్‌టియన్ వుంగ్ అను వైద్యుడు ఈ పద్ధతినే పట్టుకొని, శ్వాసకష్టము కనబడిన వెంటనే చిన్న ముక్కు గొట్టములు తగిలించి, గాలి వెలుపలికి పోవు గొట్టపు కొనను నీటి సీసాలో ముంచి, వెంటిలేటరును కడపటి ఆయుధముగా నుంచెను. తక్కిన ఆసుపత్రులవారు దీనిని పాతకాలపు పద్ధతియని చూచిరి. 1987లో ఏవరీయే, ఆనాటి సర్ఫాక్టెంటు పరిశోధకురాలే, అమెరికాలోని ఎనిమిది కేంద్రములను సరిపోల్చి, దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధి అన్నింటికంటె తక్కువగా నున్నది కొలంబియాలోనని ప్రకటించెను. ఆ వ్యాసములో నాకు అత్యంతముఖ్యముగా తోచిన వాక్యము సీసాను గూర్చినది కాదు. అక్కడ శ్వాసచికిత్స యంతయు అనుభవజ్ఞుడైన ఒకే వ్యక్తి కంటి క్రింద జరుగుచుండెననుట. దీనికే మరల వచ్చెదను.

పిదప పెద్ద పరీక్షలు జరిగినవి. 2008లో ప్రకటితమైన కాయిన్ పరీక్షలో 25 మొదలు 28 వారములలో పుట్టిన 610 మంది శిశువులలో కొందరికి పుట్టిన వెంటనే సీప్యాప్, కొందరికి గొట్టము. 2010లో ప్రకటితమైన సపోర్ట్ పరీక్షలో 1,316 మంది. మరణమును, దీర్ఘవ్యాధిని కలిపి చూచినచో రెంటికిని స్పష్టమైన భేదము కనబడలేదు. కాయిన్‌లో సీప్యాప్ పొందినవారిలో ఊపిరితిత్తి చుట్టును గాలి చేరుట 9 శాతము, తక్కినవారిలో 3 శాతము. సీప్యాప్ భక్తులకు ఇది రుచింపదు, గాని చెప్పవలసినదే. అయితే ఇంకొక వైపు చూడుడు: అదే కాయిన్‌లో సీప్యాప్ పొందినవారిలో సగమునకు పైగా తొలి అయిదు దినములలో గొంతులో గొట్టమే లేక గడపిరి. సరిసమానమైన ఫలితము తక్కువ ఆర్భాటముతో లభించునపుడు ఏది మేలో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక సాధనము సంగతి. గాలిని, ప్రాణవాయువును కావలసిన పాళ్లలో కలిపి, శరీరపు వేడికి వెచ్చబెట్టి, తేమ నింపి, నిమిషమునకు అయిదు మొదలు ఎనిమిది లీటర్ల చొప్పున ఒక గొట్టములో పంపుదురు. ఆ గొట్టము బిడ్డ ముక్కు దగ్గర రెండు పొట్టి కొమ్ములుగా చీలును. అక్కడనుండి వెలుపలికి పోవు గొట్టపు కొన ఒక సీసాలోని నీటిలో మునిగియుండును. కొన అయిదు సెంటీమీటర్ల లోతున నున్నచో బిడ్డ శ్వాసమార్గములో ఒత్తిడి అయిదు సెంటీమీటర్ల నీటిమట్టమునకు సమానము. లోతు పెంచినచో ఒత్తిడి పెరుగును, తగ్గించినచో తగ్గును. గాలి బుడబుడమని బుడగలై పోవుచుండును. కొలతకు మీట లేదు, తెర లేదు. కొలత నీరే. బిడ్డకు కావలసిన ప్రాణవాయువు పాలు నానాటికి తగ్గి, డొక్కలెగురుట మాని, బిడ్డ నిదురించుచున్నచో పని సాగుచున్నదని యర్థము.

ఇంత సులభమైనదానికి నైపుణ్య మెందులకని దాతలు, అధికారులు అడుగుదురు. వినుడు. ముక్కు కొమ్ములు చిన్నవైనచో గాలి పక్కలనుండి కారిపోవును. పెద్దవైనచో ముక్కుపుటములు పుండుపడును. కొమ్ముల నడిమి భాగము ముక్కుదూలమును తాకి గంటల తరబడి ఒత్తినచో ఆ లేత మాంసము నలుపెక్కి ఊడిపోవును. ఆ గాయము జన్మాంతము మిగులును. నోరు తెరచికొన్నచో ఒత్తిడి జారిపోవును. గాలి కడుపులోనికి పోయి పొట్ట ఉబ్బును గనుక నోటిద్వారా సన్నని గొట్టము వేసి దానిని తీయుచుండవలెను. గొట్టములో ఆవిరి చల్లారి నీరై నిలిచినచో ఒత్తిడి తెలియకయే పెరుగును. సీసాలో నీరు ఆవిరైనచో తెలియకయే తగ్గును. అన్నింటికంటె మోసకరమైనది బుడగ. బుడగలు ఆగినచో ఎక్కడనో గాలి కారుచున్నదని గుర్తింపవచ్చును. కాని బిడ్డ ముక్కులో చీమిడి అడ్డుపడి, లోనికి గాలి యేమాత్రమును పోకున్నను, సీసాలో బుడగలు మునుపటివలెనే వచ్చుచుండును. సీసాను చూచి తృప్తిపడిన నర్సు మోసపోవును. బిడ్డ రొమ్మును చూచిన నర్సు మోసపోదు. ఇంత చిన్న సాధనము వెనుక ఇరువదినాలుగు గంటల కన్ను ఉండవలెను.

ఈ మాటకు ప్రమాణములు కలవు. ఫిజీ ద్వీపములలోని సువా నగరపు ఆసుపత్రిలో నీటి సీసా సీప్యాప్‌ను ప్రవేశపెట్టి, నెల రెండు నెలలు పనిలోనే తర్ఫీదు పొందిన నర్సుల చేతికి అప్పగింపగా, వెంటిలేటరు అవసరమైన శిశువుల పాలు 10.2 శాతమునుండి 5.1 శాతమునకు దిగినదని 2006లో ప్రకటించిరి. ఆఫ్రికాలోని మలావీ దేశమున బ్లాంటైర్ నగరపు పెద్దాసుపత్రిలో, హ్యూస్టనులోని రైస్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు, ఆచార్యులు తక్కువ ఖరీదుతో రూపొందించిన సాధనమును వాడగా, ప్రాణవాయువు మాత్రమే పొందిన నవజాత శిశువులలో 44 శాతము, సీప్యాప్ పొందినవారిలో 71 శాతము బ్రతికినట్లు 2014లో తెలిపిరి. ఇది విని ఎవరికి సంతోషము కలుగదు?

అయితే అదే మలావీలో, సాలిమా జిల్లా ఆసుపత్రిలో, నవజాతులు కాక నెల దాటిన మొదలు అయిదేండ్లలోపు పిల్లలకు, నిమ్ము జ్వరము తీవ్రమైనపుడు ఇదే చికిత్స పరీక్షించిరి. అక్కడ వైద్యుల నిత్యపర్యవేక్షణ లేదు. 644 మంది పిల్లలలో సాధారణముగా ప్రాణవాయువు పొందినవారు 11 శాతము మరణింపగా, సీప్యాప్ పొందినవారు 17 శాతము మరణించిరి. సరిగా ఇట్టి నిమ్ము జబ్బుకే, ఢాకా నగరమున, వైద్యుల కనుసన్నలలో, చిస్తీ మొదలగువారు ఖాళీ షాంపూ సీసాతో చేసిన చికిత్సలో ఫలితము దీనికి నేరు విరుద్ధము. 2015లో ప్రకటించిన ఆ లెక్కలో మరణములు 15 శాతమునుండి 4 శాతమునకు దిగినవి. దేశములు వేరు, పిల్లల బలహీనతలు వేరు, గావున ఈ రెంటిని తూకపు పళ్లెములలో పెట్టి తేల్చుట సాహసమే. ఐనను నేను ఆ సాహసము చేసెదను. సీసా ఒక్కటే, నీరు ఒక్కటే, మంచము ప్రక్క నిలిచిన మనుష్యుని యందు భేదమున్నది.

ప్రాణవాయువును గూర్చి ఒక హెచ్చరిక చేయక ఈ విషయమును దాటరాదు. సీప్యాప్‌కు గాలి కంప్రెసరు, మిశ్రణయంత్రము కావలెను; అవి చెడినపుడు శుద్ధ ప్రాణవాయువునే పంపుట కొన్ని చోట్ల వాడుక. ఇది బిడ్డ కంటికి ప్రమాదము. 1942లో బోస్టనులో టెర్రీ యను నేత్రవైద్యుడు నెలలు నిండని శిశువుల కనుపాప వెనుక తెల్లని పొర ఏర్పడి చూపు పోవుట వర్ణించెను. పదేండ్లలో వేలకొలది పిల్లలు అంధులైరి. వారిని బ్రతికించుటకై ఉదారముగా పోసిన ప్రాణవాయువే కారణమని 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ అనుమానించెను. పిదప జరిగిన పరీక్షలు దానిని స్థిరపరచినవి. నేడు నెల తక్కువ బిడ్డ రక్తములో ప్రాణవాయుసంతృప్తి 90 మొదలు 95 శాతము నడుమ నుంచుడని చెప్పుట ఇందులకే. ప్రాణవాయువు పొందుచున్న బిడ్డ చేతికి కట్టి ఈ సంతృప్తిని కొలుచు చిన్న దీపము నూరు చూపినచో సంతోషింపవలదు, భయపడవలెను. ఇట్టి బిడ్డకు పుట్టిన 30 దినములలోపల కంటిపరీక్ష జరుగవలెనని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు ఎడతెగక చెప్పుచున్నారు. ఊపిరి నిలిపి చూపు పోగొట్టినచో తల్లికి మనమేమి సమాధానము చెప్పగలము?

ఈ చికిత్సకు తోడునీడలైనవి మరికొన్ని కలవు. వానిని క్లుప్తముగా చెప్పి ముగించెదను. నెలలు నిండకయే కాన్పు వచ్చునని తోచినపుడు తల్లికి ఇచ్చు స్టెరాయిడు సూదిమందు బిడ్డ ఊపిరితిత్తులను తొందరగా పండించునని న్యూజిలాండులో లిగ్గిన్స్, హోవీ 1972లోనే చూపిరి. ఖరీదు స్వల్పము, వేళ ముఖ్యము. ఊపిరి తీయుట మరచిపోవు బిడ్డకు మన ప్రాతఃకాలపు కాఫీలోని కెఫీనే మందు. 2006లో ప్రకటితమైన పెద్ద పరీక్షలో అది దీర్ఘకాలిక శ్వాసవ్యాధిని కూడ తగ్గించినట్లు తేలినది. సీప్యాప్‌తోను ఒత్తిడి చాలనివారికి 1980లో జపానున ఫుజివారా తొలుత విజయవంతముగా వాడిన సర్ఫాక్టెంటును, వెంటిలేటరుకు తగిలింపకయే, సన్నని గొట్టముతో అందించు పద్ధతి వ్యాపించుచున్నది. ఇక తల్లి రొమ్మున బిడ్డను హత్తుకొను కంగారూ సంరక్షణ: ఇది బొగోటా నగరమున 1970ల చివర పుట్టినది, బిడ్డ స్థిమితపడినపిమ్మట గాక పుట్టిన వెంటనే ప్రారంభించినచో మరణములు నాలుగవ వంతు తగ్గునని ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశములలో జరిగి 2021లో ప్రకటితమైన పరీక్ష తెలిపినది. ముక్కుకు సీప్యాప్ గొట్టములుండగానే తల్లి ఎదపై పరుండవచ్చును. మన ఆసుపత్రులలో తల్లిని సందర్శకురాలివలె వేళలు పెట్టి లోనికి రానిచ్చు పద్ధతికి ఇంతటితో స్వస్తి చెప్పవలసియున్నది.

మన రెండు తెలుగు రాష్ట్రములలోను జిల్లా ఆసుపత్రులలో నవజాత శిశు కేంద్రములు వెలసినవి. 2030 నాటికి వేయి సజీవ జననములకు నవజాత మరణములు పదికి లోపు దింపవలెనని భారత ప్రభుత్వము 2014లో సంకల్పము ప్రకటించెను. 2020లో ఆ లెక్క దేశమున ఇరువది. శ్రీకాకుళమునుండి ఆదిలాబాదువరకు ఈ కేంద్రములకు సీప్యాప్ సాధనములు పంపుట కష్టము కాదు, పంపబడుచునే యున్నవి. దాతలును యంత్రములనే కొనిపెట్టుదురు. కారణము స్పష్టమే: యంత్రముపై పేరు చెక్కుటకు స్థలముండును, నర్సు జీతముపై శిలాఫలకము నెక్కడ తాపడము చేయుదురు?

కావున ఈ నిధి నిర్వాహకులకు నాదొక విన్నపము. ఈ యేటి వడ్డీతో మరియొక యంత్రము కొనవలదు. ఈ జిల్లా ఆసుపత్రి నవజాత కేంద్రమునుండి ఇద్దరు నర్సులను, శిశువైద్యములో పేరుపొందిన ఏదేని పెద్దాసుపత్రికి నెల దినములు తర్ఫీదుకు పంపుడు. ఆ నెల వారి స్థానములలో పనిచేయువారి జీతమును, వీరి బసయు భోజనమును నిధియే భరింపవలెను. వారు తిరిగివచ్చిన పిమ్మట రెండేండ్లవరకు వారిని శస్త్రచికిత్సా విభాగమునకో, టీకాల పనికో మార్చరాదని ఆసుపత్రి పర్యవేక్షకులనుండి ముందుగానే వ్రాతమూలకముగా ఒప్పుదల పొందుడు. ఆ ఒప్పుదల లభింపనిచో సొమ్మును వచ్చే యేటికి నిలువ ఉంచుడు.